పిల్లి ఉన్న యింటికి పెద్దకుక్క

మన నగరములలోని యే జంతుశరణాలయమునకైనను ఒక ఆదివారమునాడు పోయి చూడుడు. గేటు దాటగానే కనబడు పిల్లకుక్కల చావిడియొద్ద జనులు మూగియుందురు. దాని వెనుక, రేకులకప్పు క్రింద, ఇనుపకమ్ముల దొడ్లలో నిలిచియున్న పెద్దకుక్కలయొద్ద మాత్రము నీళ్లు పోయు పనివాడు తప్ప మఱియొకడు కానరాడు. ఇవన్నియు వీథిలో పుట్టినవి కావు. లాబ్రడార్లు, జర్మన్ షెపర్డులు, గ్రేట్ డేనులు, రాట్‌వైలర్లు, వీని సంకరసంతానము. రెండు నెలల ప్రాయమున ఒడిలో నిద్రించినపుడు వేలకు వేలు పోసి కొన్నవారే, అది సంవత్సరము తిరుగకమున్నే 35 కిలోల బరువెక్కి, సోఫా చించి, లిఫ్టులో పొరుగువారిని బెదరగొట్టి, బస్తాలకొలది మేత తినసాగినంతనే, బదిలీ అయినదనియో, బిడ్డ పుట్టినదనియో, అద్దెయింటి యజమాని ఒప్పుకొనుట లేదనియో చెప్పి దించిపోయినవి. కొందఱు చెప్పనైనను చెప్పరు. తెల్లవారకముందు వచ్చి గేటుకు కట్టి పోవుదురు.

ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట నేరమని 1960 నాటి జంతుహింసా నివారణచట్టము 11వ సెక్షను చెప్పుచున్నది. నాట్యకళావిదుషి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రవేశపెట్టిన అనధికార బిల్లే ఆ చట్టమునకు బీజము. కాని మొదటి నేరమునకు అందు విధించిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయల వఱకే. అంత చిన్న దండనకు వెఱచువా రెవ్వరు? కావున ఆ భారమంతయు 1992లో వెలసిన హైదరాబాదు బ్లూక్రాస్, 1996లో విశాఖపట్టణమున వెలసిన వీఎస్‌పీసీఏ వంటి సంస్థలమీదను, ఊరి పొలిమేరలలో అద్దె స్థలములలో నడచు చిన్న శరణాలయములమీదను పడుచున్నది.

ఇట్టి కుక్కను తెచ్చుకొందుమని ముందుకు వచ్చువారు సాధారణముగ జంతువులయందు ముందే ప్రేమగలవారు. అందుచేతనే వారి యింట తఱచుగా ఒక పిల్లియు ఉండును. చిక్కు అచ్చటనే మొదలగును. దత్తత తీసికొన్నవారి ఔదార్యమును అందఱును మెచ్చుకొందురు. ఆ యౌదార్యమునకు మూల్యము చెల్లించునది మాత్రము పలుమాఱు మంచము క్రింద దాగి, మెతుకు ముట్టక, మూత్రము బిగబట్టి కూర్చున్న పిల్లి. మహాప్రస్థానమున ధర్మరాజు తన వెంట నడచివచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ఇంద్రునితో పట్టుపట్టిన కథను కుక్కలను ప్రేమించువా రెల్లరును తలచుకొందురు. ఆ పట్టుదలకు మూలము ఆశ్రితుని విడువరాదను ధర్మము. మన యింట ముందుగ ఆశ్రయించినది పిల్లి. కొత్త శరణార్థికి చోటు చూపునపుడు మొదట పిల్లి మేలు చూడవలెను. ఎంత వేగముగ ముందుకు పోవలెనో నిర్ణయించు అధికారము దానిదే కావలెను. ఇది నా దృఢమైన యభిప్రాయము. తక్కిన సంగతులన్నియు నాకు దీనినుండియే పుట్టినవి.

కుక్కకును పిల్లికిని జాతివైరమని మనము పుట్టినప్పటినుండి వినుచున్నాము. పడని తోడికోడండ్రను, పొత్తు కుదరని అన్నదమ్ములను ఆ పేరుతోనే చెప్పుకొందుము. జాతివైరము అనునది నిజముగా నెత్తురులోనే పుట్టునదేనా యని శోధించినవారిలో చైనా మనోవిజ్ఞానవేత్త జింగ్ యాంగ్ కువో ఒకడు. ఆయన 1930లో ప్రకటించిన ప్రయోగములు పిల్లికిని ఎలుకకును సంబంధించినవి. ఎలుకలను చంపు తల్లులయొద్ద పెరిగిన 21 పిల్లికూనలలో 18 ఎలుకలను చంపినవి. పుట్టినది మొదలు ఎలుకతోడనే ఒక బోనులో పెరిగిన 18 కూనలలో చంపినవి 3 మాత్రమే. వేటకును వేటాడబడుదానికిని నడుమనే ఇంత మార్పు సాధ్యమైనపుడు, ఒకదాని నొకటి ఆహారముగ నెంచని కుక్కపిల్లుల నడుమ అది యేల సాధ్యము కాదు?

వీని నడుమ నున్నది ముఖ్యముగ భాషాభేదమని నాకు తోచును. కుక్క మనుష్యుని తోడు చేరి 14,000 ఏండ్లకు పైబడినది. జర్మనీలో బాన్ నగరము చెంత ఓబర్‌కాసెల్‌లో మనుష్యులతో కలిపి పూడ్చిన కుక్క యెముకలు అంత ప్రాచీనములు. పిల్లి మన వ్యవసాయము సాగిన తరువాత, గాదెలలోని ఎలుకలకొఱకు దానంతట అదే వచ్చినది. సైప్రస్ దీవిలో మనిషి ప్రక్కన పాతిన పిల్లి సుమారు 9,500 ఏండ్లనాటిది. గుంపుగా వేటాడు తోడేళ్ల వంశము ఒకటి, ఒంటిగా వేటాడు అడవిపిల్లి వంశము మఱియొకటి. కావున వీని మాటలు వేఱు. తోక యాడించుట కుక్కకు పలకరింపు. పిల్లి తోకను ఆ ప్రక్కకు ఈ ప్రక్కకు విసరి కొట్టుచున్నదనిన విసుగెత్తినదని యర్థము. వెల్లకిల పడుట కుక్కకు లొంగుబాటు. భయపడిన పిల్లి వెల్లకిల పడునది నాలుగు పాదముల గోళ్లను సిద్ధపఱచుకొనుటకు. ముందుకాళ్లు నేలకు చాచి, నడుము పైకెత్తి కుక్క ఆటకు పిలుచును. దూకుటకు పొంచుచున్నదని పిల్లి భ్రమపడును.

అయినను ఈ భాషలు నేర్వరానివి కావు. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయమువారు ఈ రెండును కలిసి బ్రదుకుచున్న యిండ్లను పరిశీలించి 2008లో ప్రకటించిన వ్యాసములో, ఒకదాని సంజ్ఞ మఱియొకదానికి విపరీతార్థము నిచ్చునపుడు సైతము అవి చాలవఱకు సరిగానే గ్రహించుకొనుచున్నవని కనుగొనిరి. పిల్లులు పరస్పరము చేయు ముక్కుకు ముక్కు తాకించు పలకరింపును కుక్కలు సైతము నేర్చినవట. అయితే పిల్లి ముందుగ ఇంటికి వచ్చియుండుటయు, రెండును లేతప్రాయమున ఒకటైయుండుటయు ఈ పొత్తునకు ఎక్కువ అనుకూలములని వారే చెప్పిరి. కుక్కపిల్లకు మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వఱకును, పిల్లికూనకు రెండవ వారము మొదలు ఏడవ వారము వఱకును తన చుట్టు నున్న ప్రాణులను స్వజనముగ ఎఱుగు కాలము. శరణాలయమునుండి వచ్చు పెద్దకుక్కకు ఆ కాలము ఎన్నడో గడచిపోయినది. అది ఏ పెరటిలో పెరిగినదో, పిల్లిని చూచి మొఱిగినపుడు దాని మునుపటి యజమాని మందలించెనో ఉసికొల్పెనో చెప్పువా రెవ్వరును లేరు.

పైగా కుక్కలన్నియు ఒక తీరువి కావు. చూచుట, పొంచుట, తఱుముట, పట్టుట, చంపుట అని వేటకు మెట్లు కలవు. మనుష్యుడు తన పనికి తగినట్లు ఒక్కొక్క జాతిలో కొన్ని మెట్లను పెంచి, కొన్నింటిని అణచివేసినాడు. లాబ్రడారును పెంచినది కాల్చిన బాతును పంటిగాటు పడకుండ నోట పట్టి తెచ్చుటకు. ముధోల్ కుక్కను పెంచినది మైదానమున కుందేటిని కంటితోనే కనిపెట్టి తఱుముటకు. రాజపాలయము కుక్క అడవిపందుల వేటలో పేరెక్కినది. ఈ రెండు దేశీయజాతులను మన తపాలాశాఖవారు 2005లో తపాలాబిళ్లలమీద ముద్రించి గౌరవించిరి. ఆ గౌరవమునకు అవి తగినవే. కాని పరుగును చూచినంతనే తఱుమవలెనను ప్రేరణ వాని కండరములలో నున్నది, అందు దుష్టత్వ మేమియు లేదు. పిల్లి బరువు మూడు నాలుగు కిలోలు. 35 కిలోల కుక్క కోపముతో కాక ఆటకై పాదము మోపినను పిల్లి వెన్ను విఱుగవచ్చును. చిన్నకుక్క విషయమున దిద్దుకొనదగిన పొరపాటు పెద్దకుక్క విషయమున దిద్దరానిది.

అందుచేత మొదటి పరీక్ష శరణాలయములోనే జరుగవలెను. పిల్లి ఉన్న మా యింటికి కుక్కను తెచ్చుకొనుటకు మేము పోయిన చోట పిల్లులకు వేఱుగా జాలీ కట్టిన గది యొకటి కలదు. అచ్చటి కాపరి, ఇరువదియేండ్లుగా కుక్కల నడుమ మెలగినవాడు, మేము ముచ్చటపడిన సన్నని పొడవుకాళ్ల సంకరజాతి కుక్కను గొలుసుతో పట్టుకొని, “సార్, గా జాలీ దగ్గరికి నేను తీస్కపోత. మీరు దాని మొహం చూడుండ్రి, తోక చూడకుండ్రి” అనెను. జాలీకి ఇంకను దూరముననే అది ఆగిపోయెను. మూసిన నోరు, ముందుకు నిక్కిన చెవులు, కదలని కన్నులు. ఒడలంతయు బిగిసి సన్నగా వణకుచుండెను. కాపరి పేరుపెట్టి పిలిచెను; చెవి కదలలేదు. ముక్కుదగ్గఱ కోడిమాంసపు ముక్క పెట్టెను, వాసనయైన చూడలేదు. ఆయన దానిని మెల్లగా వెనుకకు త్రిప్పి, నెత్తి నిమిరి, “మంచి కుక్కనే సార్, కని మీ ఇంటికి వద్దు. పిల్లి లేనోళ్లు వస్తే వాళ్లకిస్త” అనెను. ఆ మాట చెప్పుటకు ఆయనకు కష్టముగానే ఉండియుండును, ఏలనన ఆ దొడ్డి ఖాళీయైన మఱియొక కుక్కకు చోటు దొరకును. ఇచ్చుటకు ఆతురపడక, ఈయరానిచోట వలదని చెప్పగల యిట్టివారు శరణాలయములకు పెట్టని కోటలు.

తరువాత తెచ్చినది టైగర్. లాబ్రడారునకును డేనునకును పుట్టినట్లుండు గోధుమవన్నె కుక్క, ఒక చెవి కొస చినిగియున్నది. అది జాలీయొద్దకు పోయి, లోపలి పిల్లిని చూచి, గాలిని మూరుకొని, పిల్లి బుస్సుమనగానే తలను ప్రక్కకు త్రిప్పి నేలను వాసన చూడసాగెను. చూపు మరల్చుకొనగలుగుట, పిలిచినపుడు మనిషివైపు తిరుగగలుగుట, ఈ రెండే ప్రధానముగ చూడవలసిన లక్షణములు. కుతూహలము తప్పు కాదు. కుతూహలమునుండి మరలి రాలేకపోవుటయే అపాయము.

కుక్క రాకముందే ఇంటిని పిల్లికి అనుకూలముగ సవరింపవలెను. మా యమ్మ, ఎనుబదియేండ్లకు చేరువైనది, సంగతి విన్నవెంటనే, “ఒరేయ్, ఆ కుక్క తోక తగిలితేనే నా మందులడబ్బా కింద పడుతుంది. ఇంక వెన్నెల ఎక్కడికి పోతుందిరా?” అని యడిగెను. వెన్నెల మా తెల్లపిల్లి. “పైకి పోతుందమ్మా” అని నేను చెప్పితిని గాని, పైకి పోవుటకు దారి నిజముగా ఉన్నదా యని ఆ రాత్రి గదిగదియు తిరిగి చూడవలసి వచ్చెను. పాత యిండ్లలో అటకలు, గూళ్లు, వెడల్పాటి కిటికీ అరుగులు ఉండెడివి. పిల్లి నేలమీద కాలు పెట్టకయే ఇల్లంతయు చుట్టి రాగలిగెడిది. నేటి అపార్టుమెంటులో గోడలు నున్నన, బీరువాలు పైకప్పు వఱకు. కావున హాలులో రెండు చెక్కపలకలు గోడకు బిగించి, కుర్చీ వీపునుండి పలకకు, పలకనుండి బీరువామీదికి, అచ్చటినుండి వంటింటి అటకకు దారి కల్పించితిమి. ఒక గదిని పూర్తిగా పిల్లికే విడిచితిమి: దాని ఇసుకపెట్టె, నీళ్లు, మేత, పడక అన్నియు అందే. ఇసుకపెట్టె కుక్కకు అందరాదు. పిల్లిమలమును తినుట అనేక కుక్కలకు అలవాటు, అంతకంటె ముఖ్యముగ, కాలకృత్యము తీర్చుకొనునపుడు కుక్క వెంటబడిన పిల్లి ఆ పెట్టెనే మానివేయును. ఆ గది గడపకు, చంటిపిల్లలు బయటికి రాకుండ పెట్టు కటకటాల తలుపు బిగించితిమి.

టైగర్ వచ్చిన మొదటి దినములలో రెండింటిని ఒకదానికొకటి చూపనేలేదు. శరణాలయములోని కుక్కల నెత్తురును పరీక్షించి, హెనెస్సీ అను అమెరికా శాస్త్రవేత్తయు ఆయన తోటివారును 1997లో ప్రకటించిన దాని ప్రకారము, కొత్తచోట మొదటి మూడు దినములు కుక్క నెత్తురులో ఆందోళనకు గుఱుతైన కార్టిసాల్ మిక్కిలి హెచ్చుగా ఉండును. మన యిల్లు మనకు స్వర్గమైనను దానికది మఱియొక కొత్తచోటే. అట్టి స్థితిలో నున్న జంతువుచేత మంచి నడవడి చూపింపవలెనని తొందరపడుట దానికే యన్యాయము. ఆ దినములలో దానికి కావలసినది ఒక మూల, ఒక దుప్పటి, వేళకు మేత, వేళకు నడక. పిల్లికి కావలసినది తలుపు అవతల ఏమి వచ్చినదో ముక్కుతో తెలిసికొనుటకు తీఱిక.

కంటికంటె ముందు ముక్కు స్నేహము కలుపవలెను. ఒక తువ్వాలుతో కుక్క మెడను, బుగ్గలను తుడిచి పిల్లి మేతగిన్నెకు కొంత దూరమున పెట్టుదుము. పిల్లి పడకమీది గుడ్డను కుక్క దుప్పటిచెంత ఉంచుదుము. వెన్నెల మొదట ఆ తువ్వాలును చూచి వెన్ను విల్లుగా వంచి, వెనుకకు వెనుకకు నడచి, గిన్నెలోని చేపముక్కను విడిచిపోయెను. తువ్వాలును గది చివరకు జరిపితిమి, అప్పుడు తినెను. మఱునాడు జానెడు దగ్గఱకు, ఆ మఱునాడు తిరిగి దూరమునకు. తువ్వాలుమీద కాలు మోపి కూర్చున్ననాడు గాని తలుపునకు ఆవలి ప్రక్క కుక్కగిన్నెను, ఈవలి ప్రక్క పిల్లిగిన్నెను పెట్టలేదు. గంట మ్రోగినపుడు ఆహారము వచ్చునని నేర్చిన, శాస్త్రవేత్త పావ్లోవు కుక్కలకు గంట విన్నంతనే నోరూరినట్లు, ఒకదానికి రెండవదాని వాసన వచ్చినపుడెల్ల ఇష్టమైన తిండి వచ్చుచుండవలెను. ఇందు మంత్రమేమియు లేదు. పిల్లి తినుట మానినదనిన మనము ఒక యడుగు ఎక్కువ వేసితిమని యర్థము. ఆ సూచనను తేలికగా తీసికొనరాదు: రెండుమూడు దినములు తిండి మానిన పిల్లికి కాలేయమున క్రొవ్వు పేరుకొని ప్రాణాపాయము కలుగవచ్చును, మగపిల్లులకు దిగులుచేత మూత్రము బంధించుటయు కలదు. అట్టిచోట ఓర్పు చాలదు, పశువైద్యుని యొద్దకు పోవలెను.

కటకటాల నడుమ మొదటి చూపు నాకు బాగుగా జ్ఞాపకమున్నది. టైగర్‌ను లీషుతో పట్టుకొని, కటకటాలకు చాల దూరమున, ప్రక్కవాటుగా కూర్చుండబెట్టితిని; ఎదురెదురుగా నిలుపుట ఏ జంతువునకైనను పోరునకు పిలుపు. వెన్నెల గది లోపల బల్లమీదనుండి చూచెను. తోక మూడింతలు లావెక్కెను, చెవులు తలకు అంటుకొనెను, గొంతులోనుండి నేను మునుపెన్నడును విననంత సన్నని, పొడవైన మూలుగు వచ్చెను. టైగర్ లేవబోయెను. లీషును లాగలేదు, లాగినచో కుక్క ముందుకే గుంజును. మెల్లగా దాని పేరు పిలిచితిని. అది పిల్లిని చూచెను, నన్ను చూచెను, మరల పిల్లిని చూచెను, నా చేతిలోని పనీరుముక్కకై వచ్చెను. అంతటితో ఆనాటి పాఠము ముగిసినది. బాగుగా జరుగుచున్నపుడే ఆపవలెను. ఇంకొక నిమిషము చూతమను ఆశయే అంతవఱకు కూడబెట్టినదానిని చెఱచును. ఆ తరువాత కొన్ని వారములకు గాని హాలులో ఒకేచోట ఉంచలేదు. అప్పుడును లీషు వదలక, మూతిచిక్కము ముందే అలవాటుచేసి, పిల్లికి పైకెక్కు దారి తెఱచియుంచి.

మూతిచిక్కము క్రూరమని కొందఱందురు. లోపల మేత పెట్టి, ఆటగా నేర్పి, నోరు తెఱచి రొప్పుటకు వీలగు బుట్టవంటిది తొడిగినచో కుక్క దానిని బాధగా ఎంచదు. ఒక్క పొరపాటుతో పిల్లి ప్రాణము పోవుటయు, ఆ నేరమునకు కుక్క తిరిగి దొడ్డిపాలగుటయు దానికంటె ఎంతో క్రూరములు.

మేత, మందుల సంగతి క్లుప్తముగ చెప్పెదను గాని ఏమఱుపాటు తగదు. టారిన్ అను పోషకము పిల్లి శరీరమున చాలినంత తయారు కాదు. కుక్క మేత తిని పెరిగిన పిల్లికి కాలక్రమమున చూపు మందగించును, గుండె చెడును. గిన్నెలు వేఱువేఱుగా, పిల్లిగిన్నె ఎత్తున ఉండవలెను. కుక్కకు పిడుదులు పోవుటకై మెడమీద వేయు కొన్ని చుక్కలమందులలో పెర్మెత్రిన్ ఉండును. అది కుక్కకు హాని చేయదు, పిల్లికి విషము. అట్టి మందు వేసిన కుక్క మెడను రాచుకొన్న పిల్లి మూర్ఛలతో చనిపోవచ్చును. పిల్లి ఉన్న యిల్లని చెప్పకుండ మందులదుకాణమునకు పోవలదు. మనము జ్వరమునకు మ్రింగు పారాసెటమాల్ ఒక్క మాత్రయు పిల్లిని చంపగలదు. రేబీస్ టీకా రెండింటికిని తప్పనిసరి.

ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయమువారు 2018లో ప్రకటించిన మఱియొక పరిశీలన, కుక్కపిల్లుల కాపురము చక్కగా సాగుట కుక్క మనస్సుకంటె పిల్లి మనస్సుమీదనే ఎక్కువగా ఆధారపడుచున్నదని చెప్పినది. మా యింట జరిగినదియు అంతే. మేము టైగర్‌కు నేర్పినది గొప్పగా ఏమియు లేదు. చూపు మరల్చుట, చాపమీద పడియుండుట, పిలిచిన వచ్చుట. వెన్నెల తానై బీరువాను దిగి, హాలు గోడవెంబడి నడచి, దాని చాపకు రెండు మూరల దూరమున కూర్చుండి, కన్నులు సగము మూసి తెఱచినపుడు గాని మాకు నిబ్బరము కలుగలేదు. అవి ఒకదాని నొకటి ఆనుకొని నిద్రించు చిత్రములను చూచి, మన యింటను అట్లే కావలెనని ఆశపడి, చేతితో పిల్లిని తెచ్చి కుక్కయెదుట పెట్టువారు కలరు. దయచేసి అట్లు చేయవలదు. ఒకే కప్పు క్రింద, ఒకదాని దారికి మఱియొకటి అడ్డుపడక, భయము లేక బ్రదుకుట చాల పెద్ద విజయము. ఇప్పటికిని మేమందఱమును బయటికి పోవునపుడు కటకటాల తలుపు మూసియే పోవుదుము.

కొన్ని యిండ్లలో ఎంత ఓర్పు చూపినను పొసగదు. నెలలు గడచినను కుక్క చూపు పిల్లినుండి మరలదు, లేదా పిల్లి గది దాటి రాదు. అట్టివారు శరణాలయమునకు నిజము చెప్పి, పిల్లి లేని యింటికి ఆ కుక్కను చేర్చుటకు తామే పూనుకొని, అంతవఱకు తమయొద్దనే వేఱుగా ఉంచుకొనుట ఉత్తమము. ఆ కుక్క లీషున ఎట్లు నడచునో, దేనికి బెదరునో, ఏమి యిష్టపడి తినునో వ్రాసి యిచ్చినచో తరువాతి యింటివారికి అది గొప్ప సాయము. దొడ్డిలో చూచి తెలిసికొనలేని విషయములవి.

ఇక మొదటినుండియు తమ పిల్లి ఒప్పుకొనదని ఎఱిగినవారు పెద్దకుక్కలకు ఏమియు చేయలేమని బాధపడనక్కఱలేదు. మనిషి ప్రక్కన కూర్చుండి నిమిరినచో శరణాలయపు కుక్కలలో ఆ కార్టిసాల్ తగ్గుచున్నదని హెనెస్సీ బృందమువారే చూపిరి. ఆదివారము ఉదయము ఎండ ముదరకముందు పోయి, కాపరిని అడిగి, వెనుకదొడ్డిలోని ఒక పెద్దకుక్కను ఆవరణలో అరగంట నడిపింపవచ్చును. గొలుసున నడచుట నేర్చి, కొత్తవారి చేతిని చూచి జంకక నిలుచు పెద్దకుక్కకు ఇల్లు దొరకుట సులభమని ఆ కాపరి మాకు చెప్పెను. నడిపించువారు చాలక అనేకములు ఆ మాత్రము నేర్వకయే ఉన్నవనియు చెప్పెను. తిరిగి యింటికి వచ్చినపుడు బట్టలు మార్చుకొని, చేతులు కడుగుకొని పిల్లిని ఎత్తుకొనుడు.